ఆకాశంలో ఎరకమ్మ గేదె

పెద్దగోడ పనిపుస్తకం, పదిహేడవ సంపుటి. రాస్తున్నది దమయంతి, గోడ పని. రోజుల లెక్క, బయటి ఎండ తాళలేక అందరం ఈ కొండ లోపలికి వచ్చిన నాటినుంచి.

6,204వ రోజు

ఏడు పలకలు ఆరిపోయాయి. గోడకి కుడివైపు పైన, పటంలో ఆకాశం ఉన్న చోట. ఇదివరకు ఆరినవి పంతొమ్మిది. మొత్తం ఇరవై ఆరు. స్టోరులో కొత్త పలకలు లేవు. చివరిది పోయిన వారం వాడేశాను.

కొత్త సంపుటి మొదలుపెట్టినప్పుడు గోడ వివరం రాయాలని నియమం ఉంది. రాస్తున్నాను. పెద్దగోడలో కరెంటుతో వెలిగే మూరెడు తెర పలకలు పన్నెండు వందలు. అన్నీ కలిసి ఒక పాత ఫ్రెంచి పటాన్ని చూపిస్తాయి. ఏరు, వంతెన, ఒడ్డున నిలువుగా పెరిగిన పొడుగాటి చెట్లు, కోత అయిన పొలంలో మూడు గడ్డివాములు, సాయంత్రపు వెలుతురు. వేసినవాడు గీతలు గీయలేదు. అంతా రంగు మరకలే. నిచ్చెనెక్కి దగ్గరగా చూస్తే ఏమీ ఉండదు. నలభై అడుగులు వెనక్కి వస్తే ఏరు పారుతూ ఉంటుంది. ఆ పద్ధతిని ఇంప్రెషనిజం అంటారని గోడని నడిపే యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది.

ఆ చోటు మాలో ఎవరి ఊరూ కాదు. 1,388వ రోజు తర్వాత, ఎవరి ఊరూ కాని చోటే గోడ మీద ఉండాలని కమిటీ తీర్మానించింది. అప్పటినుంచి అదే ఉంది.

పొద్దున ఆరున్నరకి గోడ వెలిగించాను. అందరూ గిన్నెలు పట్టుకుని వచ్చి, గోడకి ఎదురుగా కూర్చుని గంజి తాగారు. ఆకాశంలో నల్ల మరక గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

6,207వ రోజు

మరో నాలుగు ఆరాయి. డాక్టరు మెహర్ గోడ దగ్గరికి వచ్చి లెక్క అడిగింది. నేను పలకల లెక్క చెప్పాను. ఆమె తన లెక్క చెప్పింది.

"రాయైపోయిన వాళ్లు ముప్పై ఒకరు దమయంతీ. పోయిన ఏడాది ఈ టైముకి తొమ్మిది మంది."

రాయి అవడమంటే మా దగ్గర అందరికీ తెలుసు. మనిషి కూర్చున్న చోట కూర్చుండిపోతాడు. మాట ఉండదు. ముద్ద చేతిలో పెడితే అలాగే పట్టుకుని ఉంటాడు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. కొన్ని నెలలకి పోతాడు.

"కొండ లోపల కళ్లకి దూరం అనేది ఈ గోడ ఒక్కటే. అది నల్లబడితే ఇంకా పెరుగుతారు. ఏదో ఒకటి చెయ్యి" అంది.

చేస్తానన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, నాడి పట్టుకుని చూసింది. "నువ్వు తింటున్నావా?" అని అడిగింది. తింటున్నానని చెప్పాను. నిజమే. గంట కొట్టినప్పుడు తింటాను.

6,211వ రోజు

ప్యాకింగు పెట్టెల చెక్కలు మూరెడు ముక్కలుగా కోయించాను. రంగులకి దీపాల మసి, పసుపు, జేగురు, సున్నం, నీళ్ల తొట్టెలో పాచి తీసుకున్నాను. ఆరిన పలకల మీద చెక్కలు బిగించి, పక్కనున్న రంగులు చూసి అలాగే మరకలు మరకలుగా వేశాను. నాలుగు రోజులు పట్టింది.

బాగా రాలేదు. నాకు వచ్చింది లారీ పని. మా నాన్న సాలూరులో లారీలకి బొమ్మలు వేసేవాడు. ముందు నల్లటి గీత, లోపల రంగు, అంచున తెల్లటి మెరుపు. నాకు చేతనైంది కూడా అంతే. మరకలు వేయడం వేరే విద్య.

గంజి వేళకి ఒకావిడ పైకి చూసి, "బూజు పట్టీసిందేటి గోడకి?" అంది. మళ్లీ తల దించుకుంది.

6,212వ రోజు

ఎరకమ్మ అనే ముసలామె పది రోజులుగా మాట తగ్గించింది. డాక్టరు పుస్తకంలో ఆమె పేరు పక్కన, రాయి కాబోతోందన్న గుర్తుగా, చుక్క పెట్టి ఉంది. ఈరోజు నేను నిచ్చెన మీద ఉన్నప్పుడు కింద నుంచి పిలిచింది.

"అక్కడ మా గేదె ఉండీది కదా. ఏదీ?"

"అది ఆకాశం పిన్నీ. అక్కడ గేదె లేదు."

"నాను రోజూ సూస్తన్నాను. నాకు తెలీదేటి? మొకం మీద తెల్ల మచ్చ. ఆ బూజు తీసీ, దాని ఎనకాలే ఉంటాది."

అక్కడ గేదె ఎప్పుడూ లేదు. మరకల్లో ఆమెకి అలా కనిపించి ఉంటుంది. వాదించడానికి ఓపిక లేక దిగాను. మధ్యాహ్నం పాడైపోయిన చెక్కలు విప్పి, అవతల వైపు తిప్పి, గేదెని వేశాను. లారీ గేదె. నల్లటి గీత, మెడలో గంట, మొహాన తెల్ల మచ్చ. నాలుగు చెక్కలు పట్టింది. మరకలు వేయడం కంటే సులువు, అందుకే వేశాను. వేరే కారణం లేదు.

బిగించాక వెనక్కి వచ్చి చూశాను. ఫ్రెంచి ఆకాశంలో, గులాబీ మబ్బుల మధ్య, సాలూరు గేదె నాలుగు కాళ్లూ చాపి నిలబడి ఉంది. కింద ఏరు ఎప్పటిలాగే పారుతోంది.

ఎరకమ్మ సాయంత్రం రెండు గిన్నెల గంజి తాగిందని డాక్టరు వచ్చి చెప్పింది. తాగి, పక్కనావిడతో "సూడిదే, ఈనడానికి ఉంది" అందట.

6,214వ రోజు

కమిటీ పెద్ద దాలినాయుడు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. గోడ కింద నిలబడి గేదెని చాలాసేపు చూశాడు.

"ఇదేటి దమయంతీ?"

"గేదండి."

"గేదని నాకూ తెలుసు. ఎవరిది?"

"ఎరకమ్మది."

"ఎవరి ఊరి వస్తువూ గోడ మీద ఉండకూడదని రాసుకున్నాం. మర్సిపోనావా? నువ్వు మర్సిపోవడమేటి!"

మర్చిపోలేదని చెప్పాను. డాక్టరు అడ్డుపడి, ఎరకమ్మ పేరు పక్కన చుక్క కొట్టేసిన పేజీ చూపించింది. ఒక నెల చూద్దామంది. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. వెళ్లిపోయాడు.

ఆయన అన్నది ఎందుకో రాయాలి. 1,388వ రోజు ఉగాది. అంతకుముందు గోడ మీద సముద్రం, మంచుకొండలు, పూలతోటలు వంతులవారీగా వచ్చేవి. మా ఊరు చూపించు, ఏటి ఒడ్డు చూపించు అని అందరూ అడిగేవారు. మాలో చాలామంది నాగావళి ఒడ్డు వాళ్లే. నా దగ్గర ఆ ఏటి ఒడ్డు బాట ఫొటో ఉంది. పండక్కి దాన్ని పన్నెండు వందల పలకల మీద పెట్టాను. ఎవరి ఆర్డరూ లేదు. నా అంతట నేనే పెట్టాను. జనం ఏడ్చారు, నవ్వారు, గోడని ముట్టుకున్నారు. మధ్యాహ్నానికి పదకొండు మంది తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు బయట ఎండ యాభై తొమ్మిది డిగ్రీలు.

వాళ్లలో దాలినాయుడి కొడుకు ఉన్నాడు. నా భర్త తవిటినాయుడు ఉన్నాడు. ఎవరూ తిరిగి రాలేదు. మా ఆయన వెళ్తున్నట్టు నాకు చెప్పలేదు.

6,226వ రోజు

ఆరినవి యాభై రెండు. ఏటి మధ్యలో పెద్ద గుంట పడింది.

డాక్టరు నన్ను రాయైపోయినవాళ్ల దగ్గరికి వరసగా తీసుకెళ్తోంది. ఆ నల్ల గుంట చూపించి "అక్కడ ఏముండేది?" అని అడగమంటుంది. పన్నెండు రోజులుగా అడుగుతున్నాను. ఎవరూ పలకలేదు. నేను అడిగే తీరు కూడా బాగుండదనుకుంటాను. లెక్క అడిగినట్టు అడుగుతాను.

గున్నయ్య తాత నాలుగేళ్లుగా రాయి. అన్నేళ్లు బతికినవాళ్లు మరొకరు లేరు. బయట ఉన్న రోజుల్లో బస్సు కండక్టరు. ఇవాళ అతని ముందు కూర్చుని అడిగాను. జవాబు రాదని లేవబోతుంటే పెదాలు కదిలాయి.

"పార్వతీపురం బండి."

డాక్టరు నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను మళ్లీ అడిగాను.

"బండి ఎలా ఉండాలి తాతా?"

చాలాసేపటికి అన్నాడు. "ముందు డోరు తీసుండాల. ఆడోలు ఎక్కతారు."

6,231వ రోజు

పదహారు చెక్కల బస్సు. ముందు డోరు తీసి ఉంది. గున్నయ్యని ఇద్దరు మోసుకొచ్చి గోడ ముందు కూర్చోబెట్టారు. అతను ఒకే ఒక్క మాట చెప్పాడు. టైర్లు నీళ్లలో మునగకూడదని. అందుకని బస్సుని నీళ్ల పైన నిలబెట్టాను. దాని నీడ మాత్రం నీళ్లలోకి దించాను. లారీ పనిలో నీడలు ఉండవు. అది ఎలా వచ్చిందో తెలియదు.

జనం గంజి తాగి వెళ్లిపోకుండా కూర్చున్నారు. డోరులోంచి ఎవరో దిగుతారన్నట్టు చూశారు.

6,243వ రోజు

ఆరినవి తొంభై ఎనిమిది. చెక్కలు ఎనభై ఒకటి.

ఇప్పుడు వాళ్లే వస్తున్నారు. ఏం ఆరిందో చూసి, అక్కడ తమది ఏముండేదో చెప్తారు. నేను వేస్తాను. ఏది ఎక్కడ ఉండాలన్నది నా చేతిలో లేదు, పలక ఎక్కడ ఆరితే అక్కడే. అందుకని రెండు పొడుగాటి చెట్ల మధ్య తీగ మీద ఎవరిదో చీర ఆరుతోంది. వంతెన మీద కుట్టుమిషను ఉంది. చెట్టు చివర పొయ్యి వెలుగుతోంది, పొగ కిందికి దిగుతోంది. మధ్య గడ్డివాములో ఒక పలక ఆరితే డాక్టరు మెహర్ తనే వచ్చి నిలబడింది.

"నాకు భీమిలి సముద్రం. ఒక్క పలక చాలు" అంది.

గడ్డివాము పొట్టలో మూరెడు సముద్రం వేశాను. ఒక అల, నురగ. ఆమె చూసి వెంటనే వెళ్లిపోయింది. సాయంత్రం రోగుల్ని చూడ్డానికి కూర్చోలేదు.

యంత్రం పుస్తకంలో ఇలాంటి పటాలకి కూడా ఒక పేరు ఉంది. సర్రియలిజం. కలలో చూసినట్టు ఒకదానికొకటి పొసగని వస్తువులు ఒక్కచోట ఉండటం అని రాశారు. ఇక్కడ ఎవరూ కల అనుకోవడం లేదు. ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లది అని వేలు పెట్టి చూపించుకుంటున్నారు.

రాయైపోయినవాళ్లు పద్దెనిమిదికి తగ్గారు. "నీదేం వేసుకున్నావ్?" అని బొమ్మలు వేయించుకున్నవాళ్లు అడిగారు నన్ను. నాకేం గుర్తు రావడం లేదు. తవిటినాయుడి మొహం కూడా ముక్కలుగానే వస్తుంది. పని ఉంది, వేస్తున్నాను.

6,252వ రోజు

గున్నయ్య తలుపు దగ్గరికి వెళ్లాడు.

గంజి అయ్యాక అతను కూర్చున్న చోట లేడు. నాలుగేళ్లుగా లేవని మనిషి. వెతికితే సొరంగం చివర, ఇనప తలుపు ముందు నిలబడి ఉన్నాడట. భుజానికి గుడ్డసంచి తగిలించుకున్నాడు. "బండి టైమైనాది, తలుపు తియ్యి" అన్నాడట.

తలుపు దగ్గర ఉండేది పైడమ్మ. నా ఆడపడుచు, తవిటినాయుడి చెల్లెలు. పదమూడేళ్లుగా ఆమె మంచం, గిన్నె, అన్నీ అక్కడే. కాపలాకి ఇంకొకర్ని పెడతామన్నా ఒప్పుకోదు. గోడ ఉన్న హాల్లోకి రాదు. గోడ వైపు చూడదు. నాతో మాట్లాడదు. ఆ ఫొటో పెట్టింది నేను కాబట్టి నేను దాన్ని తప్పుపట్టలేదు.

పైడమ్మ గున్నయ్యని పేరు పెట్టి పిలిచి, తన మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మనుషులు వెళ్లేవరకు చెయ్యి పట్టుకునే ఉంది.

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ముందు దాలినాయుడు మాట్లాడాడు.

"మల్లీ అదే రోజు వొస్తాది. ఆరిన పలకలు నల్లగానే ఉండనీండి. సెక్కలన్నీ ఎల్లుండికల్లా దించీయాల."

"దించితే మళ్లీ రాళ్లవుతారండీ" అంది డాక్టరు.

"రాయైనోడు లోపలే ఉంటాడమ్మా. బయటికెల్లినోడు ఉండడు."

చెక్కలు దించాలని తీర్మానం రాశారు. నేను సంతకం పెట్టాను.

6,253వ రోజు

ముప్పై చెక్కలు దించాను. ముందు బస్సు. ఒక్కో మేకు తీస్తుంటే కింద జనం నిలబడి చూశారు. ఎవరూ ఆపలేదు. అరిచినా బాగుండేదేమో. ఎరకమ్మ ఒక్కర్తే వచ్చి నిచ్చెన పట్టుకుంది. ఆపడానికి కాదు, నేను పడిపోకుండా.

"గేదెని రేపు దించు. ఇయాల పాలు తీసీలేదు" అంది. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

గున్నయ్య సాయంత్రం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. డాక్టరు పెదాలకి నీళ్లు తడిపింది. లోపలికి పోలేదు.

6,254వ రోజు

ఈరోజు పని చేయలేదు. కారణం రాస్తున్నాను.

పొద్దున గున్నయ్యని చూశాక, నిజంగా ఇతను బయటికి పోవాలనుకున్నాడా అని అనుమానం వచ్చింది. చూసినది పైడమ్మ ఒక్కతే. కమిటీ ఆమెని అడగలేదు. నేను సొరంగం చివరికి వెళ్లాను. చెక్కలు దించే ముందు ఆ ఒక్క మాట తెలుసుకుందామని మాత్రమే వెళ్లాను.

ఆమె తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఉంది. జుట్టు సగం తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో నాకు తెలియదు.

"పైడమ్మా, గున్నయ్య తాత మొన్న ఏమన్నాడు? బయటికి పోతానన్నాడా?"

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "పోతాననలేదు. బండిలో జనం ఉన్నారు, దింపాలన్నాడు. తెచ్చీడానికి ఒచ్చేడు. పోడానికి కాదు."

"ఆ మాట కమిటీకి చెప్తావా?"

నా వైపు తిరిగింది. తర్వాత అంది. "నాను సెప్తే అదొక్కటే సెప్పి ఊరుకోనేను వదినా. అంతా సెప్పాల."

పదమూడేళ్ల తర్వాత నన్ను వదినా అంది. నేను నేల మీద కూర్చున్నాను. ఆమె చెప్పింది. చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ రోజు ఎల్లినోలు పదకొండు కాదు. పదిమంది. ముసలి కాపలాని తోసీసి పోనారు. తలుపుకి మల్లీ తాళం పడిపోనాది. అన్న వొగురుస్తా ఒచ్చేడు. చేతుల్లో రెండు క్యాన్లు నీలు. 'రెండో తాళం నీ దగ్గరుంది కదే, తియ్యి, ఆళ్లని తెచ్చీస్తాను' అన్నాడు. నాను తీసేను. 'నాను ఒచ్చేదాకా మూయకే పైడీ' అన్నాడు. సరే అన్నాను. తలుపు పట్టుకుని నిలబడ్డాను. అరగంట. వేడి లోపలికి ఒచ్చీసింది. పిల్లల గదిలో ఇద్దరు పడిపోనారని అరుపులు. మూసీ, మూసీ అని వొకటే కేకలు. మూసీసినాను."

ఆమె చేతుల్ని చూసుకుంది.

"మూసింది నానే వదినా."

ఆయన ఆ ఫొటో చూసి పోలేదు. నన్ను వదిలి పోలేదు. నీళ్లు తీసుకుని, తిరిగి రావడానికి వెళ్లాడు. పదమూడేళ్లు నేను వేరే సంగతి మోశాను. ఈ మాట వింటే నాలో ఏదో జరగాలి. ఏమీ జరగలేదు.  అడగకూడని మాట ఒకటి నా నోటివెంట వచ్చింది.

"తర్వాత తట్టిన చప్పుడేమైనా వినబడిందా?"

"నేదు" అంది. "అది ఇనాలనే కదా ఇక్కడ కూకున్నాను. ఎవుల్నీ ఆపడానికి కాదు. వొకేల తడితే, ఈసారి ఎంటనే తీద్దామని."

నేను ఆమె పక్కకి జరిగాను. ఇద్దరి వీపులూ తలుపుకి ఆని ఉన్నాయి. ఇనుము వెచ్చగా ఉంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మధ్యాహ్నం గంట కొట్టారు, మేం లేవలేదు.

6,255వ రోజు

పైడమ్మ హాల్లోకి వచ్చింది. దారిలో తలవంచుకునే నడిచింది. తలుపు దగ్గర అప్పటికి డాక్టరు కూర్చుంది.

కమిటీ ముందు నిన్నటి మాటలే చెప్పింది. గొంతు ఎత్తలేదు. చివర గున్నయ్య సంగతి చెప్పింది. జనమంతా వింటున్నారు. తలుపు మూసింది తనేనన్న చోట ఎవరో ఒక ముసలాయన ఏడ్చాడు. ఆ పదిమందిలో అతని భార్య ఉంది.

దాలినాయుడు లేచి నిలబడ్డాడు. బల్ల పట్టుకున్నాడు.

"మూసీమని కేకేసింది నాను" అన్నాడు. "నా కొడుకు బయట ఉన్నాడని తెలిసే కేకేసినాను. ఈ పిల్ల పదమూడేళ్లు వొక్కర్తీ మోసింది. నానేమో రూలు రాసి కూకున్నాను."

అప్పుడు పైడమ్మ మొదటిసారి తలెత్తింది. ఆయనని చూడబోయి, వెనకనున్న గోడని చూసింది. ముప్పై చెక్కలు లేని గోడ. నల్ల గుంటలు, ఫ్రెంచి చెట్లు, ఆకాశంలో గేదె, వంతెన మీద కుట్టుమిషను, గడ్డివాములో సముద్రం. 

"నాయుడుగారూ, బొమ్మ సూసి ఎవులూ పోరండి" అంది. "తోడు నేకపోతే పోతారు. తలుపు దగ్గర ఇద్దర్ని కూకోబెట్టండి. ఒచ్చినోల్ని పేరెట్టి పిలిస్తే ఆగుతారు. నాకు తెలుసు. ఈ పదమూడేళ్లల్లో నలబైమంది ఒచ్చేరు. అందరూ ఎనక్కి ఎల్లేరు."

నలభైమంది. ఆ లెక్క మాలో ఎవరికీ తెలియదు. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. హాల్లో కొందరు తలలు దించుకున్నారు.

తీర్మానం: దించిన చెక్కలు తిరిగి బిగించాలి. తలుపు దగ్గర ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. దాలినాయుడు సంతకం పెట్టి, కలం కింద పెట్టకుండా నన్ను పిలిచాడు.

"దమయంతీ, మా వోడిది పచ్చ సైకిలు. ఎక్కడ ఆరితే అక్కడ ఎయ్యి."

6,258వ రోజు

బస్సు తిరిగి బిగించాను. గున్నయ్య మొదటి రోజు చూడలేదు, రెండో రోజు చూశాడు. ఈరోజు నాలుగు ముద్దలు తిన్నాడు. ఇంకా మాట లేదు. డాక్టరు అతని పేరు పక్కన ఏ గుర్తూ పెట్టకుండా ఖాళీగా వదిలింది.

పచ్చ సైకిలు మబ్బు పక్కన వచ్చింది. ఇవాళ ఆరినవి రెండు. ఇలాగే సాగితే రెండేళ్లలో ఫ్రెంచి పటం మొత్తం పోతుంది. అప్పటికి గోడంతా చెక్కలే ఉంటాయి. కమిటీకి అలాగే రాసి ఇచ్చాను.

6,260వ రోజు

ఇవాళ్టినుంచి పొద్దుటి పూట తలుపు దగ్గర నేను. గోడ పని మధ్యాహ్నం నుంచి. కమిటీ ఒప్పుకుంది. అడిగింది నేనే.

తిండి వేళకి పైడమ్మ హాల్లోకి పోయి రెండు పళ్లేలతో తిరిగి వచ్చింది. రాగి సంకటి, ఆకుకూర. మంచం మీద పక్కపక్కన కూర్చుని తిన్నాం. తలుపు అవతల గాలి ఇసుకని విసురుతోంది. చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె నమలడం ఆపేస్తోంది. నేనూ ఆపుతున్నాను. గాలేనని తెలిశాక మళ్లీ తింటున్నాం.

మూడో ముద్ద దగ్గర నేను ఆగాను.

"కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "పదమూడేల్ల తరవాత కలిసి తింటంటే ఇదేటి వదినా నువ్వు సెప్పే మాట!"

నిజంగానే తక్కువైంది. నాలుకకి తెలిసింది. ఇన్నేళ్లలో కూరల్లో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు ఒక్క రోజు కూడా తెలిసినట్టు గుర్తు లేదు. అది ఆమెకి చెప్పబోయాను. పళ్లెం పక్కన పెట్టి చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె దగ్గరికి జరిగింది. నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

కాసేపయ్యాక, "ఉండు, తెస్తాను" అని లేచింది.

వంటగది సొరంగం అవతలి కొసన ఉంది. పోయి రావడానికి పావుగంట పడుతుంది. నాలుగడుగులు వేసి, ఆగి, తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను తలుపు పక్కకి జరిగి కూర్చున్నాను.

ఆమె ఉప్పుకి వెళ్లింది.